రాజుల ఒడిలో పెరిగిన చిన్న కుక్క

గత సంవత్సరము మా ఎనిమిదవ తరగతి గోడకు ఒక విద్యార్థి తండ్రిగారు పంపిన క్యాలెండరును వ్రేలాడదీసితిమి. దానిపై నొక చిన్న కుక్క పటము కలదు. తెల్లని దేహము, దానిపై పండిన ఈతపండు రంగు మచ్చలు, మెడ కిరుప్రక్కల జారిన పొడవైన చెవులు, నేరేడుపండ్లవంటి గుండ్రని కన్నులు. ఒకనాడు లెక్కల పాఠము జరుగుచుండగా ఒక బాలుడు లేచి, "మాస్టారూ, ఈ కుక్క పుట్టుకతోనే ఇట్లున్నదా, లేక ఎవరైన దీని నిట్లు చేసిరా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేను నవ్వలేదు. పాఠ్యపుస్తకముల చివర అచ్చువేయు ప్రశ్నలలో ననేకములకంటె నీ ప్రశ్న మేలైనది. దీనికి సమాధానము ఒక గంటలో ముగియదు గావున, పత్రికలో వ్రాసెదనని ఆ బాలునికి మాట యిచ్చితిని. ఆ మాట నిపుడు చెల్లించుచున్నాను.

ఈ కుక్కజాతి పేరు కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. పేరు కుక్కకంటె పొడవుగా నున్నను అందులోని ప్రతి మాటకును అర్థము కలదు. పొదలలో దాగిన పక్షులను లేపి వేటగానికి చూపు కుక్కలను స్పానియల్ లందురు. ఆ మాట స్పెయిను దేశపు పేరునుండి పుట్టినదని నిఘంటుకారుల మతము. కింగ్ చార్లెస్ అనగా 1660 మొదలు 1685 వరకు ఇంగ్లండును పాలించిన రెండవ చార్లెస్ రాజు. అతని తండ్రియగు మొదటి చార్లెస్ కాలమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగినపుడు రాజుపక్షము వహించినవారికి కావలియర్ లని పేరు.

ఇక రూపము. ఈ కుక్క నేలనుండి భుజము వరకు 12 లేక 13 అంగుళముల యెత్తు, అనగా మీ పెట్టెలోని అడుగు స్కేలంత యుండును. తూకము 12 మొదలు 18 పౌనులు. వెండ్రుకలు పట్టువలె మెత్తనివి. చెవులకును కాళ్ల వెనుకను తోకకును అవి కుచ్చులవలె వ్రేలాడును. రంగులు నాలుగు విధములు: తెలుపుపై ఎరుపుగోధుమ మచ్చలు గలది, తెలుపు నలుపు గోధుమ మూడును గలది, అంతయు కెంపురంగు గలది, నలుపుపై గోధుమ గుర్తులు గలది. మూతి ఇంచుమించు ఒకటిన్నర అంగుళము. ఈ కొలతను మరువకుడు. ఈ కథ యంతయు ఆ ఒకటిన్నర అంగుళముమీదనే నడచుచున్నది.

దీనికి దగ్గర చుట్టమైన మరియొక జాతి కలదు. దానిని కావలియర్ అను మాట లేకుండ కింగ్ చార్లెస్ స్పానియల్ అని మాత్రమే పిలుతురు. దాని తల గుమ్మటమువలె నుబ్బి యుండును. ముక్కు ముఖములోనికి నొక్కుకొని పోయినట్లుండును. ఈ రెండింటిలో ఏది పాతది, ఏది క్రొత్తది యనిన, రెండు మాటలును కొంత నిజమే. అది యెట్లో చెప్పెదను.

ఐరోపా ఖండమున ధనికుల ఇండ్లలో చిన్న స్పానియల్ లను పెంచుట చాల పాత అలవాటు. వెనిస్ నగరపు చిత్రకారుడు టిషియన్ 1538 ప్రాంతమున వ్రాసిన ఒక ప్రసిద్ధ చిత్రమున మంచముపై ముడుచుకొని నిద్రించు అట్టి కుక్కపిల్ల కనబడుచున్నది. ఇంగ్లండులో జాన్ కయస్ అను వైద్యుడు 1570లో బ్రిటిషు కుక్కలను గూర్చి లాటిను భాషలో ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందులో స్త్రీలు ఒడిలో నుంచుకొను ఈ కుక్కను కడుపునొప్పికి మందుగా నాతడు చెప్పెను. నొప్పిగల చోట దానిని హత్తుకొనిన ఆ వెచ్చదనమునకు బాధ తగ్గునట! మన యిండ్లలో ఇసుకమూట కాచి కాపడము పెట్టుదురు గదా, ఆ మూటకు ప్రాణమును తోకయు నుండినచో నిట్లే యుండును.

1587వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన స్కాట్లండు రాణి మేరీకి శిరచ్ఛేదము జరిగినది. పిమ్మట ఆమె వస్త్రములలో దాగియున్న ఒక చిన్న కుక్క బయటపడెననియు, అది ఆమె శరీరమును విడిచి కదలకుండెననియు అక్కడ నున్నవాడొకడు వ్రాసిపెట్టెను. ఆ కుక్క యే జాతిదో అతడు చెప్పలేదు. అయినను ఒడికుక్కను గూర్చి చరిత్రలో నింతకంటె దుఃఖకరమైన పుట మరియొకటి నేను చదువలేదు.

మేరీ మునిమనుమడే మన రెండవ చార్లెస్. అతడు బాలుడుగా నుండగా వాన్ డైక్ అను చిత్రకారుడు 1637లో ఆ రాచబిడ్డల నైదుగురిని చిత్రించెను. అందు నడుమ నిలిచిన చార్లెస్ తనంత యెత్తుగల పెద్ద కుక్క తలపై చేయి వేసియున్నాడు. చిత్రపు అంచున ఒక చిన్న స్పానియల్ కలదు. తండ్రి 1649లో వధింపబడెను. కుమారుడు దేశదేశములు తిరిగి 1660లో మరల రాజై వచ్చెను. ఆ ప్రయాణమున రాజునకు ప్రియమైన ఒక కుక్కయు వచ్చినది. శామ్యూల్ పెపిస్ అను ఉద్యోగి ఆ కుక్కతో గూడ ఒక చిన్న పడవలో ఒడ్డు చేరెను. ఆ కుక్క పడవను మలినము చేయగా అందరును నవ్విరనియు, రాజును రాజునకు సంబంధించినవియు తక్కినవారివంటివే యని తనకు తోచెననియు అతడు తన దినచర్యలో వ్రాసికొనెను. అదే పెపిస్ 1667లో మంత్రాలోచన సభకు పోయి, రాజు పనిని విడిచి కుక్కతో నాడుచుండుట చూచి విసుగుకొనెను.

జాన్ ఎవెలిన్ అను మరియొక దినచర్యకారుడు ఇంకను నిష్కర్షగా వ్రాసినాడు. 1685లో రాజు మరణించినపుడు అతని గుణదోషముల నెంచుచు, అతని పడకగదిలోనే ఆడుకుక్కలు ఈని పిల్లలకు పాలిచ్చుచుండెడివనియు, అందుచేత ఆస్థాన మంతయు దుర్గంధ భూయిష్ఠమై యుండెననియు చెప్పెను. కుక్కను బంగారు గద్దె నెక్కించిన నేమగునని మన శతకకారులు హెచ్చరించిరి. ఎవెలిన్ దొరగారు తెలుగు చదివియుండినచో తప్పక తల యూపియుండును.

ఈ జాతి కుక్కను పార్లమెంటు భవనముతో సహా ఏ బహిరంగ స్థలమునందును అడ్డగింపరాదని చార్లెస్ రాజు శాసనము చేసెననియు, అది నేటికిని చెల్లుచున్నదనియు అనేక పుస్తకములలో కనబడును. అట్టి శాసనము ఏదియు లేదని పార్లమెంటువారే తెలిపియున్నారు. అచ్చులో నున్నదంతయు నిజమని నమ్మెడి విద్యార్థుల కొరకు దీనిని ప్రత్యేకముగా వ్రాయుచున్నాను.

అట్టిదే మరియొక కథ. మార్ల్‌బరో ప్రభువు 1704లో బ్లెన్‌హైమ్ యుద్ధమునకు పోయియుండగా అతని భార్య సారా వార్తకొరకు నిరీక్షించుచు, నిండు చూలుతో నున్న తన కుక్క తలపై బొటనవ్రేలితో నొక్కుచు కూర్చుండెనట. తరువాత పుట్టిన పిల్లల కన్నింటికిని నెత్తి నడుమ బొటనవ్రేలి ముద్రవంటి ఎర్రని మచ్చ యుండెనట. తల్లి తలను నొక్కినంత మాత్రమున పిల్లకు మచ్చ రాదని మీకు తెలియును. అయినను ఆ ప్రభువు వంశమువారు ఎరుపుతెలుపు స్పానియల్ లను పెంచిన మాట నిజము. ఆ రంగునకు నేటికిని బ్లెన్‌హైమ్ అని పేరు. నెత్తిమీది ఆ మచ్చను కుక్కలప్రియులు ఇప్పటికిని మెచ్చుకొందురు.

ఇక మూతి మాట. చార్లెస్ కాలపు చిత్రములలోని చిన్న స్పానియల్ లకు తల చదునుగాను మూతి కొనదేరి పొడవుగాను ఉండెను. 1688లో విలియం హాలండునుండి వచ్చి మరుసటి సంవత్సరము మేరీతో గూడ రాజ్యమునకు రాగా, వారి ఆస్థానముతో పాటు పగ్ అను చప్పిడిముక్కు కుక్కలకు ఆదరణ హెచ్చెను. నాటినుండి మెల్లమెల్లగా లోకుల కంటికి పొట్టిముక్కు అందముగా కనబడసాగినది. కుక్కలను పెంచువారు ఏమి చేసిరి? మన రైతు పంటలో మేలైన వెన్నులను ఏరి విత్తనమునకు దాచునట్లు, ఈతలో పొట్టిముక్కు పిల్లను ఏరి, దానిని మరియొక పొట్టిముక్కు కుక్కతో జతపరచిరి. అయితే రైతు గింజను చూచి యేరును. వీరు అలంకారమును చూచి యేరిరి.

ఈ మార్పు ఒక్క దినమున జరుగలేదు. విక్టోరియా రాణి బాల్యమునందు ఆమెకు డాష్ అను మూడురంగుల స్పానియల్ ఉండెను. 1833లో దానికి ఎర్రని అంగీయు నీలపు లాగును తొడిగి ముచ్చటపడినట్లు ఆమె తన దినచర్యలో వ్రాసికొన్నది. 1838 జూన్ 28వ తేదీన పట్టాభిషేకము జరుగగా, కిరీటము దించి యింటికి వచ్చిన ఆ పందొమ్మిదేండ్ల రాణి మొట్టమొదట చేసిన పనులలో నొకటి డాష్‌కు స్నానము చేయించుట. లాండ్‌సియర్ అను చిత్రకారుడు 1836లో వ్రాసిన డాష్ పటమును చూచినచో దానికి ఇంకను కొంత మూతి మిగిలియున్నట్లు తెలియును. 1859లో న్యూకాసిల్ నగరమున ఇంగ్లండులో మొదటి కుక్కల ప్రదర్శనము జరిగెను. 1873లో కెన్నెల్ క్లబ్బు ఏర్పడెను. ప్రదర్శనములకు బహుమతులును, బహుమతులకు ధరలును తోడుకాగా ఆ శతాబ్దము ముగియు సరికి పాత ముఖము ఇంచుమించుగా మాసిపోయినది. ఎక్కడనైన ఒక పిల్ల పొడవుమూతితో పుట్టినచో అది పనికిరానిదని త్రోసివేయుచుండిరి.

అట్టి సమయమున రాస్‌వెల్ ఎల్‌డ్రిడ్జ్ అను అమెరికా దేశస్థుడు చిత్రములలోని పాత స్పానియల్ లను వెదకుచు ఇంగ్లండునకు వచ్చెను. ఎక్కడ చూచినను చప్పిడిముక్కులే! ఆతడు తెలివిగలవాడు. వాదములాడక, 1926లో క్రఫ్ట్స్ ప్రదర్శనపు పట్టికలో ఒక ప్రకటన వేయించెను. రెండవ చార్లెస్ నాటి చిత్రములలో వలె పొడవైన ముఖము, చదునైన తల, నెత్తి నడుమ మచ్చ గల మగకుక్కకు 25 పౌనులు, ఆడుకుక్కకు 25 పౌనులు బహుమతి ఇత్తుననియు, ఐదు సంవత్సరములు అట్లే ఇచ్చుచుందుననియు తెలిపెను. పెంచువారిలో చాలమంది పరిహసించిరి. ఎన్నో తరములుగా తాము నెట్టివేసిన రూపమునకే బహుమతి యనిన వారికి నవ్వు రాకుండునా? అయినను 25 పౌనులు చిన్న మొత్తము కాదు. కొందరు తాము త్రోసివేసిన పొడవుమూతి పిల్లలను మరల వెదకి తెచ్చిరి. 1928లో ఆన్స్ సన్ అను కుక్క ఆ బహుమతిని గెలిచినది. ఎల్‌డ్రిడ్జ్ మాత్రము దానిని చూడలేదు. ఆ ప్రదర్శనమునకు ఒక నెల ముందే ఆయన మరణించెను.

ఆ సంవత్సరముననే కావలియర్ క్లబ్బు ఏర్పడినది. ఆన్స్ సన్‌ను ఎదుట నిలువబెట్టుకొని, పాత చిత్రముల ప్రతులను బల్లమీద పరచుకొని, ఆ క్లబ్బువారు జాతిలక్షణములను వ్రాసిరి. వెండ్రుకలను కత్తిరించి అందము తేగూడదను నియమమును అప్పుడే పెట్టిరి. వారు ముందు చూపుగలవారని దీనివలన తెలియుచున్నది. ఆ పనిలో ముందు నడిచిన అమిస్ పిట్ అను వనిత తన కుక్కలశాలకు ట్టివెహ్ అని పేరిడెను. ఇది యే భాష యని నేను చాలసేపు ఆలోచించితిని. అది హ్యూయిట్ అను ఇంటిపేరు ఆంగ్లాక్షరములను తలక్రిందుగా వ్రాసినది!

తరువాత రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. మనుష్యులకే రేషను కొరత కాగా కుక్కల నెవరు పోషింతురు? ట్టివెహ్ శాలలో 60 కుక్కలుండగా చివరకు 3 మిగిలినవి. యుద్ధానంతరము మిగిలిన కొలది కుక్కలనుండియే జాతినంతయు మరల పెంచిరి. 1945లో కెన్నెల్ క్లబ్బు దీనిని ప్రత్యేక జాతిగా అంగీకరించెను. 1973లో క్రఫ్ట్స్ ప్రదర్శనమున సర్వోత్తమ బహుమతి ఒక కావలియర్‌కు లభించుటతో దీని కీర్తి లోకమంతయు వ్యాపించినది.

ఇంత కీర్తి రూపమువలన మాత్రమే వచ్చినది కాదు. ఈ కుక్క స్వభావము మిక్కిలి సాధువు. చిన్న బిడ్డలు చెవులు పట్టి లాగినను కరువదు. ముసలివారి పాదములచెంత గంటలకొలది కూర్చుండును. యజమానుడు ఒక గదినుండి మరియొక గదికి పోయిన తానును లేచి వెంట పోవును. కావలికి మాత్రము పనికిరాదు. దొంగ వచ్చినను తోకయాడించి లోనికి పిలుచునని దీనిని పెంచినవారే పరిహాసమాడుదురు. అయితే తాతల బుద్ధి పూర్తిగా పోలేదు. పిట్ట యెగిరిన, సీతాకోకచిలుక కదలిన, వెనుకముందు చూడక పరుగెత్తును. బండ్లు తిరుగు వీధిలో గొలుసు లేనిదే దీనిని విడువరాదు. ఒంటరిగా నుండజాలదు. ఇల్లంతయు ఉదయమున తాళమువేసి సాయంకాలము వచ్చువారు దీనిని తెచ్చుకొనుట దానికి శిక్షయే.

ఇప్పుడు చెప్పబోవునది కష్టమైన విషయము. మిగిలిన కొలది కుక్కలనుండియే జాతి యంతయు పెరిగినదని చెప్పితిని గదా. ఒకే మూలమునుండి వచ్చినవాటిని తిరిగి తిరిగి జతపరచినచో, తాతలలో దాగియున్న దోషము ఇరువైపులనుండియు వచ్చి పిల్లలో బయటపడును. మేనరికపు సంబంధములను గూర్చి వైద్యులు మన తల్లిదండ్రులకు చెప్పు హెచ్చరికయు ఈ కారణముచేతనే. కావలియర్‌లో ఆ దోషము రెండు చోట్ల బయటపడినది.

మొదటిది గుండె. గుండె యెడమవైపున పై గదికిని క్రింది గదికిని నడుమ ఒక కవాటము కలదు. రక్తము ముందుకే పోవలెను గాని వెనుకకు రాగూడదు. ఈ జాతిలో ఆ కవాటము పిన్నవయస్సుననే చెడి రక్తము వెనుకకు చిమ్మును. ఐదేండ్లు నిండునప్పటికి ఇంచుమించు సగము కుక్కలలోను, పదేండ్లకు దాదాపు అన్నింటిలోను, పశువైద్యుడు గొట్టము పెట్టి వినినచో ఆ సవ్వడి వినవచ్చును. రెండవది తల. వెనుకవైపు పుర్రె చిన్నదై మెదడునకు చోటు చాలదు. అందుచేత మెదడునుండి వెన్నుపామునకు పోవు ద్రవము సరిగా ప్రవహింపక వెన్నుపాములో బొరియలు ఏర్పడును. అట్టి కుక్క నడచుచు నడచుచు మెడప్రక్క గాలిలో కాలితో గోకుకొనుచుండును. తెలియనివారు దానిని ముద్దు చేష్ట యనుకొందురు. అది నొప్పి. మూతిని తిరిగి తెచ్చిన బహుమతి పుర్రె లోపలి చోటును తిరిగి తేలేకపోయినది. పటములను చూచి ముఖమును దిద్దవచ్చును గాని గుండె పటములో కనబడదు.

2008లో బ్రిటిషు బి.బి.సి. సంస్థ శుద్ధజాతి కుక్కల బాధలను గూర్చి ఒక చిత్రమును ప్రసారము చేసెను. అందు నొప్పితో తల్లడిల్లు కావలియర్‌ను చూచి ప్రజలు కలతచెందిరి. మరుసటి సంవత్సరము ఆ సంస్థ క్రఫ్ట్స్ ప్రదర్శనమును చూపుట మానుకొనెను. నార్వే దేశమున జంతుసంరక్షకులు న్యాయస్థానమునకు ఎక్కిరి. రోగము లేని కావలియర్‌లు జాతిలో చాలినన్ని లేనందున వానిని వానితోనే జతపరచుట జంతుసంక్షేమ చట్టమునకు విరుద్ధమని 2023 అక్టోబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇతర జాతులతో శాస్త్రీయముగా సంకరము చేయుటకు అభ్యంతరము లేదు.

డెన్మార్కువారు వేరొక త్రోవ త్రొక్కిరి. గుండె పరీక్షింపబడి మేలైనదని తేలిన కుక్కలనే తల్లిదండ్రులుగా నుంచవలెనని కొన్ని సంవత్సరములు నియమము నడిపిరి. ఆ నియమము ప్రకారము పుట్టిన కుక్కలలో ఈ కవాటరోగపు అపాయము 73 శాతము తగ్గినదని 2016లో పరిశోధకులు ప్రకటించిరి. విత్తనమును చూచి యేరిన మన రైతు పద్ధతి అక్కడ కుక్కకు గూడ తిరిగి వచ్చినదని నాకు తోచుచున్నది.

ఈ జాతి కుక్కపిల్లను కొనదలచిన తల్లిదండ్రులకు ఒక మాట. చెవుల కుచ్చులను, నెత్తి మచ్చను తరువాత చూడుడు. తల్లికుక్కను కన్నులార చూచి, దానికిని తండ్రికుక్కకును గుండె పరీక్ష జరిగినదా, తాతలు ఎన్నేండ్లు బ్రతికినవి యని అడుగుడు. అమ్మువాడు విసుగుకొనినచో ఆ బేరము వలదు.

ఈ వ్యాసమును ముందుగా ఆ ఎనిమిదవ తరగతిలోనే చదివి వినిపించితిని. ప్రశ్న యడిగిన బాలుడు వెంటనే లేచి, స్కేలు తీసికొనిపోయి, క్యాలెండరులోని కుక్క మూతిని కొలిచి, "మాస్టారూ, ముప్పావు అంగుళమే యున్నది!" అని ఆందోళనతో చెప్పెను. పటము కుక్కయంత పెద్దది కాదనియు, మొదట దాని యెత్తును కొలిచి నిష్పత్తి కట్టవలెననియు చెప్పి, మరల లెక్కల పాఠము మొదలుపెట్టితిని.